మానడమా, మానుకోవడమా?

తెలుగులో గాయం మానుతుంది. చేస్తున్న ఉద్యోగం మానేస్తాం. ఏడుస్తున్న పిల్లని "ఏడుపు మాను" అంటాం. మూడు చోట్లా ఒకటే మాట. భాషావేత్తలు దీన్ని ఎలా విడదీస్తారో గానీ, ఆడవాళ్ల జీవితంలో మాత్రం ఈ అర్థాలు ఎప్పుడూ ఒకదాన్నొకటి ఒరుసుకునే ఉన్నాయి. "ఊరుకోమ్మా, ఎన్నాళ్లని ఏడుస్తావు, పిల్లల మొహం చూసుకో" అనే మాటలో ఎంత ఓదార్పు ఉందో అంత ఆజ్ఞ కూడా ఉంది. గాయం మానాలని కోరుకునేవాళ్లూ, గాయం గురించి మాట్లాడ్డం మానాలని కోరుకునేవాళ్లూ ఒకే గొంతుతో మాట్లాడతారు. విన్న స్త్రీకి వాళ్లలో ఎవరు ఎవరో తేల్చుకోవడం కష్టం.

ఈ మాట గురించి ఇంతగా ఆలోచించడానికి కారణం మ్యూజియంలు. ఈ మధ్య చాలా దేశాల్లో మ్యూజియంలు తమ పనిని కొత్తగా నిర్వచించుకుంటున్నాయి. వస్తువుల్ని అద్దాల వెనక పెట్టి తాళం వేసుకోవడం ఒక్కటే తమ పని కాదనీ, చుట్టూ ఉన్న సమాజం తన అనుభవాన్ని నెమరు వేసుకోవడానికి, ఊరట పొందడానికి తాము చోటివ్వాలనీ అంటున్నాయి. అల్లర్లలోనో, యుద్ధంలోనో, నిర్వాసనలోనో, ఇంటి గోడల మధ్యనో దెబ్బతిన్నవాళ్లని పిలుస్తున్నాయి. సూదీ దారం, గుడ్డముక్కలు, రంగులు ఇచ్చి మీ అనుభవాన్ని బొమ్మ కట్టండి అంటున్నాయి. అలా వచ్చేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలే కావడం ఆశ్చర్యం కాదు. దుఃఖాన్ని మోసే పని మన సమాజాలన్నీ వాళ్లకే అప్పజెప్పాయి కదా.

ఈ మార్పుని నేను వెక్కిరించదలుచుకోలేదు. రాజుల కత్తులూ నవాబుల గడియారాలూ చూసి మురిసిపోయే గదుల్లోకి ఒక బీదరాలి చేతి కుట్టు రావడం చిన్న విషయం కాదు. అయినా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఒక సంస్థ గాయపడిన స్త్రీని పిలిచి "ఇక్కడ నీకు స్వస్థత దొరుకుతుంది" అన్నప్పుడు, ఆమెను మానమంటున్నదా, మానుకోమంటున్నదా? ఆమెకు స్వస్థత కలిగించే హక్కు ఆ సంస్థకు ఎక్కడినుంచి వచ్చింది?

దీనికి సమాధానం వెతుక్కుంటూ నేను పదేపదే చిలీ దగ్గరికి వెళ్తుంటాను. 1973 సెప్టెంబరు 11న సైన్యం అలెండీ ప్రభుత్వాన్ని కూలదోసింది. పినోచెట్ నియంతృత్వం 1990 మార్చి దాకా సాగింది. రాత్రికి రాత్రి మనుషుల్ని ఎత్తుకుపోయారు. అడిగితే అలాంటి మనిషే లేడన్నారు. పోలీసు స్టేషన్లూ, జైళ్లూ, శవాగారాలూ తిరిగి తిరిగి చివరికి ఆడవాళ్లు చర్చిల ఆధ్వర్యంలో ఏర్పడ్డ శాంతి సంఘం మెట్ల మీద ఒకరికొకరు తారసపడ్డారు. 1975 చివర్లో పినోచెట్ ఒత్తిడితో ఆ సంఘం మూతపడింది. 1976లో కార్డినల్ రౌల్ సిల్వా హెన్రీకెజ్ దాని స్థానంలో సంఘీభావ కార్యాలయాన్ని నెలకొల్పారు. శాంటియాగో పేదవాడల్లో ఆ నీడన నడిచిన కుట్టు బృందాల్లో తయారైనవే అర్పియేరాలు.

అర్పియేరా అంటే గోనెపట్టా. పిండి బస్తానో చక్కెర బస్తానో విప్పి, దాని మీద పాత బట్టల పీలికలతో బొమ్మలు కుట్టేవాళ్లు. పైన ఆండీస్ కొండల వరస, ఒక సూర్యుడు. కింద మామూలు వీధి. దగ్గరికెళ్లి చూస్తే ఆ వీధిలో ఒక మనిషిని వ్యానులోకి ఈడ్చుకెళ్తుంటారు. ఒక వాడకి నీళ్లు ఆపేసి ఉంటాయి. ఆడవాళ్లు ఒకే గిన్నెలో అందరికీ కలిపి వండుతుంటారు. కొన్నింటి మీద "వాళ్లెక్కడ?" అనే ప్రశ్న అక్షరాలతో ఉంటుంది. కొందరు కనిపించకుండా పోయినవాళ్ల చొక్కాలనే కత్తిరించి వాడారు. పట్టా వెనక వైపు చిన్న జేబు కుట్టి, బొమ్మలో ఏముందో చెప్పే చీటీ పెట్టేవాళ్లు. వీటిని ఆ కార్యాలయమే కొని విదేశాలకు పంపేది. యూరప్, ఉత్తర అమెరికాల్లోని సంఘీభావ బృందాలు కొనుక్కునేవి. పత్రికల నోరు నొక్కిన దేశంలో ఏం జరుగుతున్నదో ఈ గుడ్డముక్కలు బయటికి మోసుకుపోయాయి.

ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. ఆ ఆడవాళ్లు స్వస్థత కోసం రాలేదు. ఇంటి సంపాదనపరుడు మాయమైపోయాడు, పిల్లలకి తిండి కావాలి. అందుకోసం వచ్చారు. రెండో కారణం అన్వేషణ. తనలాగే వెతుకుతున్న మరొకామె దగ్గర ఏదైనా కబురు దొరుకుతుందేమోనని వచ్చారు. కుడుతూ మాట్లాడుకున్నారు. మాట్లాడుతూ తమది విడి దుఃఖం కాదని తెలుసుకున్నారు. అప్పటిదాకా ఇల్లు దాటని కొందరు నిరాహారదీక్షల్లో కూర్చున్నారు. ఊరట దొరకలేదని కాదు, దొరికింది. కానీ అది వాళ్లు అడిగినది కాదు. అడిగినదాని కోసం నడుస్తున్న దారి పక్కన దొరికిన నీడ అది.

ఆ పట్టాల్లో కొన్ని ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయి. 2010 జనవరిలో అప్పటి అధ్యక్షురాలు మిషెల్ బాచెలెట్ శాంటియాగోలో జ్ఞాపకాల, మానవ హక్కుల మ్యూజియాన్ని ప్రారంభించారు. ఆమె తండ్రి 1974లో నిర్బంధంలో చనిపోయినవాడు. ఆమే, తల్లీ కూడా నిర్బంధం అనుభవించినవాళ్లు. కాబట్టి అది బయటివాళ్లు కట్టిన జాలి మందిరం అనలేం. అయినా ఒకప్పుడు దొంగచాటుగా సరిహద్దులు దాటిన గుడ్డ, మంచి దీపాల వెలుగులో గోడమీదికి ఎక్కినప్పుడు దానికి ఏదో జరుగుతుంది. అది అడిగిన ప్రశ్న "వాళ్లెక్కడ?" అని. చూసేవాళ్ల నోట వచ్చే మాట "ఎంత బావుందో" అని.

ఆ ప్రశ్నకి సమాధానం వచ్చిందా? 1978లో లోన్‌కెన్ అనే చోట సున్నపు బట్టీల్లో 15 మంది శవాలు బయటపడ్డాయి. అయిదేళ్లుగా వెతుకుతున్న ఇళ్లకు అదే సమాధానం. ఉత్తరాన కలామా ఊరి ఆడవాళ్లు అటకామా ఎడారిలో ఏళ్ల తరబడి ఎముకల కోసం తవ్వారు. 1990లో గొయ్యి దొరికేసరికి అందులో ఉన్నవి చిన్న చిన్న ముక్కలు. మిగతా శరీరాలను సైన్యం ఎప్పుడో యంత్రాలతో పెకలించి తరలించేసింది. 2023 ఆగస్టులో అధ్యక్షుడు బోరిచ్ జాతీయ అన్వేషణ పథకం ప్రకటించేనాటికి 1,469 మందిలో 307 మంది అవశేషాలనే గుర్తించగలిగారు. అంటే యాభై ఏళ్లకు అయిదింట ఒక వంతు. అదే దేశంలో చిత్రహింసలపై విచారించిన కమిషన్ 2004లో 27 వేలకు పైగా బాధితులను గుర్తించింది. వాళ్లలో మూడు వేలకు పైగా స్త్రీలు. దాదాపు అందరూ లైంగిక హింస గురించి చెప్పారు. ఆ వాంగ్మూలాలను 50 ఏళ్ల పాటు కోర్టులకు కూడా అందకుండా మూసివేస్తూ చట్టం చేశారు. గోప్యత చెప్పుకున్న స్త్రీలకు రక్షణ అన్నారు. ఆ రక్షణ హింసించినవాళ్లకూ దక్కింది. స్త్రీ దుఃఖం గుడ్డమీద ఉంటే గోడకెక్కుతుంది, కాగితం మీద పేర్లతో సహా ఉంటే బీరువాకెక్కుతుంది.

ఇక్కడ నా స్నేహితురాలొకామె అడ్డుపడింది. ఆమె మానసిక ఆరోగ్య రంగంలో చాలాకాలంగా పనిచేస్తున్న మనిషి. ఆమె మాటల్ని తేలిగ్గా తీసెయ్యలేను. "న్యాయం జరిగేదాకా ఆ ఆడమనిషి నిద్రపోకూడదా? కడుపునిండా అన్నం తినకూడదా? న్యాయం రావడానికి యాభై ఏళ్లు పడుతుంది. మీ రాజకీయాలకి సాక్ష్యం కావాలి కాబట్టి ఆమె గాయం పచ్చిగానే ఉండాలంటావా?" అంది. ఇది గట్టి ప్రశ్న. దుఃఖంలో ఉన్న స్త్రీని పోరాట చిహ్నంగా నిలబెట్టి, ఆమె నవ్వితే ద్రోహం చేసినట్టు చూసే అలవాటు మన ఉద్యమాలకీ ఉంది. అమరుడి భార్య, అమరుడి తల్లి అనే పాత్రల్లో ఆడవాళ్లని శాశ్వతంగా కూర్చోబెట్టాం. మానే హక్కు ఆమెది. దాన్ని ఎవరూ కాదనలేరు.

నేను ఆమెతో ఏకీభవిస్తూనే ఒక్క మాట కలుపుతాను. మానే హక్కు ఆమెదైతే, మానకుండా ఉండే హక్కూ ఆమెదే. అది ఎప్పుడు, ఎంత, ఎవరి ముందు అన్నది కూడా ఆమె తేల్చుకోవలసిందే. రెండు రోజుల కార్యక్రమం చివర "ఇప్పుడెలా ఉంది?" అని అడిగే ప్రశ్నకు ఆమె దగ్గర ఒకే సమాధానం ఉండేలా ఏర్పాటు చేస్తే, అది హక్కు కాదు, మర్యాద. పిలిచి భోజనం పెట్టినవాళ్లని నొప్పించకూడదన్న మర్యాద.

కొన్నేళ్ల కిందట అలాంటి ఒక కార్యక్రమంలో నేను రాతపని కోసం కూర్చున్నాను. ఆత్మహత్య చేసుకున్న రైతుల భార్యలు ఇరవై మంది దాకా వచ్చారు. మ్యూజియం వెనక హాల్లో జంపఖానాలు పరిచారు. రంగు గుడ్డలు, ఫెవికాల్, కత్తెరలు ఇచ్చారు. మీ మనసులోని బరువుని బొమ్మగా పెట్టండి అన్నారు. చాలామంది చెట్లు, ఇళ్లు, ఎండిన బావులు అతికించారు. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒకామె మాత్రం నలుచదరంగా ఒక ఆకుపచ్చ గుడ్డ కత్తిరించి అతికించి ఊరుకుంది. ఏమిటిది అంటే పాసుబుక్కు అంది. ఆమె మొగుడు కౌలుకు చేసినవాడు. ఆ పాసుబుక్కు వాళ్ల పేరు మీద ఎన్నడూ లేదు. రెండోరోజు సాయంత్రం నిర్వాహకురాలు ఆప్యాయంగా పక్కన కూర్చుని "బరువు కొంచెం దిగిందా అమ్మా?" అంది. ఆమె నవ్వింది. "గుండె బరువు దిగితే దిగుతది మేడమ్. అప్పు దిగుతదా?" అంది.

ఆ మాట వెనక ఉన్న కాగితాల సంగతి మనకు తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వచ్చిన 421 నంబరు జీవో ప్రకారం రైతు ఆత్మహత్య జరిగిన కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు. తెలంగాణ ప్రభుత్వం 2015లో దాన్ని మొత్తం ఆరు లక్షలు చేసింది. కానీ చావు "నిజమైన" రైతు ఆత్మహత్యే అని రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారుల త్రిసభ్య కమిటీ తేల్చాలి. ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, పాసుబుక్కు, అప్పు పత్రాలు కావాలి. చేబదులుకి పత్రం ఉండదు. కౌలుకి పాసుబుక్కు ఉండదు. ఆమె అప్పటికే తన దుఃఖాన్ని ఒక ఆఫీసులో రుజువు చేసుకోవడానికి తిరిగి తిరిగి వచ్చింది. ఆఫీసు కాగితం అడిగింది, మ్యూజియం బొమ్మ అడిగింది. కాగితం అడిగినవాళ్లు ఇవ్వగలిగిన స్థానంలో ఉండీ ఇవ్వలేదు. బొమ్మ అడిగినవాళ్లకి ఇవ్వడానికి ఏమీ లేదు, ప్రేమ తప్ప. ఆ ప్రేమ అబద్ధం కాదు. నిర్వాహకురాలి కళ్లు ఆ మాటకి నిజంగానే చెమ్మగిల్లాయి. కానీ నివేదికలోకి వెళ్లింది "పాల్గొన్న స్త్రీలు ఉపశమనం పొందారు" అనే వాక్యం. నేను రాసుకున్న ఆమె మాటకి అందులో చోటు దొరకలేదు. ఆమె చేసిన ఆకుపచ్చ పాసుబుక్కు మ్యూజియంలోనే ఉండిపోయింది. ఉంచుకోవచ్చా అని ఆమెను ఎవరూ అడగలేదు.

మన ఆడవాళ్లకి కూడి ఏడవడం కొత్తగా నేర్పనక్కర్లేదు. చావింటికి వెళ్లినామె గుమ్మంలోనే ఇంటామె మెడ మీద పడి రాగం తీసి ఏడుస్తుంది. ఆ ఏడుపులో తన పోయిన తమ్ముడూ, తన చచ్చిపుట్టిన బిడ్డా కూడా ఉంటారు. ఒకరి శోకం ఆసరాగా ఇంకొకరి శోకం బయటికొస్తుంది. అక్కడ చికిత్స చేసేవాళ్లు, చేయించుకునేవాళ్లు అని రెండు వర్గాలు ఉండవు. బొంత కుట్టడమూ అంతే. పోయిన నాయనమ్మ చీర, బాలింత కట్టి విడిచిన చీర పొరలు పొరలుగా వేసి కుడితే పుట్టిన పిల్ల దానిమీద పడుకుంటుంది. అది చలికి పనికొస్తుంది. పనికిరావడమే దాని గౌరవం. దాన్ని ఎవరూ స్వస్థత అనలేదు. తోడు అన్నారంతే. వర్క్‌షాపు ఇవ్వగలిగింది కూడా తోడే అని నాకనిపిస్తుంది. తోడు ఇచ్చేవాళ్లు తామూ కొంత బయటపెట్టుకోవాలి. మందు ఇచ్చేవాళ్లకి ఆ అవసరం లేదు. మ్యూజియం తోడు ఇస్తూ మందు ఇస్తున్నానని పేరు పెట్టుకుంటున్నది. నాకు పేచీ అక్కడే.

మనకి ఇంకో అనుభవమూ ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. పోరాటం కోసం పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ అందులో మాట్లాడింది. వెళ్లి విన్నవాళ్లు ఆమెను బాగుచెయ్యడానికి వెళ్లలేదు. తమ ఉద్యమానికి తల్లులెవరో తెలుసుకోవడానికి, తమ ప్రశ్నలకి ఆధారం వెతుక్కోవడానికి వెళ్లారు. అవసరం వినేవాళ్లది. అందుకే చెప్పినవాళ్లు రోగులు కాలేదు, చరిత్రకారులయ్యారు.

మరి స్వస్థత అన్న మాట ఏ మ్యూజియానికీ, ఏ కళా శిబిరానికీ తగదా? తగిన చోట్లు ఉన్నాయి. 2002లో కేప్‌టౌన్ దగ్గరి ఖాయెలిట్షాలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న కొందరు స్త్రీలు నిలువెత్తు కాగితాల మీద పడుకుని తమ ఒంటి ఆకారాలు గీయించుకున్నారు. లోపల తమ మచ్చల్ని, వైరస్‌ని, బలాన్ని బొమ్మలుగా వేశారు. ఆ వాడలో 2001 నుంచే సరిహద్దుల్లేని డాక్టర్లు మందులివ్వడం మొదలుపెట్టారు. ప్రభుత్వం నిరాకరిస్తున్న మందు కోసం ఉద్యమం కోర్టుకెక్కి 2002 జులైలో రాజ్యాంగ న్యాయస్థానంలో గెలిచింది. అక్కడ రంగుతో పాటు మాత్రా ఉంది, మాత్ర కోసం పోరాటమూ ఉంది. కాబట్టి స్వస్థత అన్న మాట గాలిలో లేదు.

అదే కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం ఉంది. 1966లో ఆ పేటను తెల్లవాళ్లకు మాత్రమే అని ప్రకటించి, తర్వాతి ఏళ్లలో 60 వేల మందికి పైగా జనాన్ని వెళ్లగొట్టి, ఇళ్లు నేలమట్టం చేశారు. 1994 డిసెంబరులో ఒక పాత మెథడిస్టు చర్చిలో మొదలైన ఆ మ్యూజియం నేల మీద పేట పటం పరిచింది. వచ్చినవాళ్లు వంగి, తమ ఇల్లు ఉండిన చోట తమ పేరు రాసుకున్నారు. ఒక పొడుగాటి గుడ్డ మీద రాసిన మాటల్ని తర్వాత దారంతో కుట్టారు. ఇదీ జ్ఞాపకాల పనే. కానీ ఆ మ్యూజియం భూమి తిరిగి ఇప్పించే ఉద్యమంతో కలిసి పుట్టింది. నేల మీద రాసిన పేరు జ్ఞాపకం మాత్రమే కాదు, దావా కూడా. 2004లో తిరిగొచ్చిన మొదటి కుటుంబాలకి తాళంచెవులు అందాయి. తర్వాత ఆ పని ఎంతో నత్తనడకన సాగింది. అందనివాళ్లు ఎందరో ఉన్నారు. అయినా అక్కడ గుడ్డ మీద కుట్టు, నేల మీద హక్కు ఒకదాన్నొకటి గుర్తుచేస్తూ ఉన్నాయి.

కాబట్టి నేను అడిగేది పెద్ద సిద్ధాంతం కాదు. రేపు మనలో ఎవరినైనా ఇలాంటి శిబిరానికి పిలిస్తే, మనం రచయితలుగానో అధ్యాపకులుగానో వెళ్లి కూర్చుంటే, కొన్ని విషయాలు ముందే తేల్చుకోవాలని మాత్రమే. వచ్చిన స్త్రీకి ఆ రోజు కూలి ఇవ్వాలి. ఆమె తన పని మానుకుని వచ్చింది. చెప్పకుండా కూర్చునే వీలుండాలి. కుట్టిన గుడ్డ ఆమెది. ఇస్తే తీసుకోవాలి, అమ్మితే కొనాలి, ఇంటికి పట్టుకుపోతానంటే సంచీలో పెట్టివ్వాలి. పేరు వెయ్యాలా వద్దా అన్నది ఆమె చెప్పాలి. చిలీ స్త్రీలు పేరు దాచుకున్నది ప్రాణభయంతో. ఆ భయం లేనిచోట "అజ్ఞాత స్త్రీ" అని రాయడం మ్యూజియం బద్ధకం తప్ప మరొకటి కాదు. ఇక చివర్లో "ఎలా ఉంది?" అని కాకుండా "ఏం కావాలి?" అని అడగాలి.

ప్రతి మ్యూజియంలో ఒక పెద్ద రిజిస్టరు ఉంటుంది. లోపలికొచ్చిన ప్రతి వస్తువుకీ అందులో ఒక వరస. వస్తువు ఏది, దేనితో చేసింది, కొలత, చేసినవారు, వచ్చిన తేదీ. ఇలాంటి గుడ్డలు వచ్చినప్పుడు ఆ వరసలో ఇంకో రెండు గళ్లు గియ్యాలని నా కోరిక. ఆమె అడిగినదేమిటి? అది అందిందా? రెండో గడి ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఆ గుడ్డ పక్కన గోడమీద కూడా అది ఖాళీగానే కనబడాలి. చూడటానికి వచ్చినవాళ్లు బొమ్మతో పాటు దాన్నీ చదువుకుని వెళ్లాలి.